తిరుమలలో మహంతుల పాలన

సన్న్యాసి సర్వమును విడిచినవాడు. అయినను మఠాధిపతియైన నాటినుండి ఊళ్లు, పంటలు, నగలు, కానుకలు ఆయన చేతిక్రిందికి వచ్చును. తనది కాని సొమ్మును తానొక్కడే కాపాడవలసిన ఈ స్థితి ఎందరో మఠాధిపతులను చిక్కులపాలు చేసినది. తిరుమల వేంకటేశ్వరస్వామి ఆలయమును 90 ఏండ్లు పాలించిన హాథీరాంజీ మఠపు మహంతుల చరిత్ర ఇందుకు తార్కాణము.

ఈ మఠమునకు మూలపురుషుడు ఉత్తరదేశమునుండి వచ్చిన ఒక బావాజీ. స్వామి ఆయనతో పాచికలాడెడివాడని భక్తులు చెప్పుకొందురు. ఆ మాట నమ్మనివారు ఆయనను ఒక గదిలో ఉంచి, గదినిండ చెరకు నింపి, తెల్లవారులోగా తినవలెనని పరీక్ష పెట్టిరట. రాత్రి ఏనుగు వచ్చి చెరకంతయు తిని పోయెనట. హాథీ యనగా ఏనుగు. నాటినుండి ఆయన హాథీరాం బావాజీ యయ్యెను. చెరకు పండించు సీమవారికి ఆ పరీక్ష ఎంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు. బావాజీకి స్వామితో స్నేహమే గాని లెక్కలతో పని లేదు. ఆ భారము ఆయన శిష్యపరంపరపై బడెను.

1801లో ఆర్కాటు నవాబు రాజ్యము ఈస్టిండియా కంపెనీ వశమైనది. దానితో తిరుమల ఆలయ నిర్వహణయు కంపెనీ కలెక్టరు చేతికి వచ్చెను. కంపెనీ మిగులు రాబడిని తాను తీసికొనుచుండిన మాట నిజమే. అయినను ఆదాయవ్యయములకు ఒక పద్ధతి యుండెను. 1821లో బ్రూసు అను అధికారి పేర ఆలయ నిర్వహణకు నిబంధనలు ఏర్పడినవి. కాని క్రైస్తవ ప్రభుత్వము హిందూ దేవాలయములను నడుపుట తగదని ఇంగ్లండులో ఆక్షేపణ బయలుదేరెను. అంతట కంపెనీ తప్పుకొని, 1843లో ఆలయమును మహంతు సేవాదాసుకును, ఆయన తరువాతి మఠాధిపతులకును అప్పగించెను. స్వామి సేవ సాగెను; కాని లెక్క అడుగు అధికారి ఒకడు లేకుండ పోయెను.

సేవాదాసు, ధర్మదాసుల తరువాత 1880లో భగవాన్ దాసు మహంతు ఆయెను. ఆయన కాలముననే, 1884లో, తిరుపతిలో సంస్కృత పాఠశాల ఏర్పడినది. నేటి ప్రాచ్య కళాశాలకు అదియే మూలము. అట్టి మంచి పని జరిగిన కాలముననే మఠమునకు తలవంపులును వచ్చినవి. ధ్వజస్తంభమును పునఃప్రతిష్ఠించినపుడు దాని క్రింద బంగారు నాణెములు నిక్షేపించినట్లు చెప్పబడెను. బంగారము అక్కడ లేదని అభియోగము పుట్టెను. పవిత్రస్థలమును త్రవ్వరాదని వాదము నడచి, వ్యవహారము మద్రాసు హైకోర్టు వరకు పోయెను. తుదకు త్రవ్వి చూడగా రాగి నాణెములు బయటపడినవి. మహంతుకు కారాగారశిక్ష పడెను. స్వామికి మ్రొక్కిన చేతులతోనే భక్తులు ఈ వార్త వినవలసివచ్చెను.

ఇట్టి చిక్కు మన దేశమున మాత్రమే పుట్టినది కాదు. ఇంగ్లండులోని బరీ సెయింట్ ఎడ్మండ్సు అను ఊర బెనెడిక్టు సంప్రదాయపు క్రైస్తవ మఠమొకటి యుండెను. 1180లో మరణించిన హ్యూ అను మఠాధిపతి సజ్జనుడే గాని, వృద్ధాప్యమున పట్టు సడలి మఠము వడ్డీవ్యాపారుల పాలయ్యెను. ఉద్యోగి కొక ముద్ర, ముద్ర కొక అప్పు! 1182లో ఎన్నికైన శాంసను అన్ని ముద్రలను తెప్పించగా 33 తేలినవని ఆ మఠపు సన్న్యాసి జోస్లిన్ వ్రాసినాడు. అనుమతి లేనిదే ఎవరును ఒక పౌనుకు మించి అప్పు చేయరాదని శాంసను కట్టడి చేసెను. వంట, సరకుల అధికారిపై తన గుమాస్తాను కావలి పెట్టగా సాటి సన్న్యాసులే సణిగిరి. తప్పు చేసినవాడే కాదు, దిద్దబోయిన వాడును మఠములో మాట పడవలసివచ్చెను.

తిరుమలలో ఆ దిద్దుబాటు భక్తుల పూనికవలన జరిగినది. వారు కోర్టుల కెక్కిరి. ఆ వ్యాజ్యము లండనులోని ప్రీవీ కౌన్సిలు దాక సాగి, 1907లో ఆలయ పాలనకు ఒక స్కీము స్థిరపడినది. మహంతు నిర్వాహకుడుగానే నిలిచెను. కాని నియమములకు లోబడిన నిర్వాహకుడు. అప్పటి మహంతు ప్రయాగదాసు. 1900 మొదలు 1933 వరకు పాలించిన ఆయనయే ఈ పరంపరలో కడపటి ఆలయాధికారి. 1932 నాటి చట్టమును అనుసరించి 1933లో తిరుమల తిరుపతి దేవస్థానముల కమిటీ ఏర్పడగా, ఆలయ నిర్వహణ మఠము చేతినుండి తప్పినది.

ఈ 90 ఏండ్ల పాలనను ఒక్క దోషముతో కొలుచుట న్యాయము కాదు. నిత్యపూజలు ఆగలేదు, ఉత్సవములు లోపింపలేదు, చదువులకు నీడ దొరకినది. అయితే మంచి మహంతు వచ్చినపుడు మంచి, చెడ్డవాడు వచ్చినపుడు చెడుగు జరుగుటయే ఆ ఏర్పాటులోని లోపము. గుడియైనను, మఠమైనను, గ్రంథాలయమైనను పదిమంది సొమ్ముతో నడచునది. ఏటేట లెక్కలు సభలో చదివి వినిపించుట నిర్వాహకుని అనుమానించుట గాదు. అనుమానమునుండి ఆయనను కాపాడుట. భగవాన్ దాసుకు ఆ కాపుదల ముందే దొరకియున్నచో, ధ్వజస్తంభము క్రింది మన్ను త్రవ్వవలసిన పని వచ్చియుండెడిది కాదు.