శిలాశాసనమునుండి పేరుచీటి వరకు: రాయచూరు అంతర్వేదియందలి యొక చిన్న చరిత్ర

కృష్ణా తుంగభద్రా నదుల నడుమ నున్న సీమకు అంతర్వేది యని పేరు. దానికి రాయచూరు ముఖ్యపట్టణము. ఈ సీమను గూర్చి వ్రాసిన చరిత్రకారులలో పెక్కుమంది యుద్ధములనే వర్ణించిరి. 1520లో శ్రీకృష్ణదేవరాయలకును ఇస్మాయిల్ ఆదిల్ షాకును రాయచూరుకడ జరిగిన పోరాటము అందరు నెరిగినదే. కాని ఈ నేలకు మరియొక చరిత్ర గలదు. వస్తువు ఏదో, దానికి బాధ్యుడెవరో తెలుపుటకై మనుష్యుడు దానిపై పేరు వ్రాసిన చరిత్ర యది. నేడు కార్యాలయములందును గృహములందును లేబులు ముద్రించు చిన్న యంత్రములు విరివిగా వచ్చినవి. వానిని ఎన్నుకొనుట వర్తకవిషయమే యని పలువురు తలంతురు. ఇది మన లిపికిని మన పాతకాగితములకును సంబంధించిన విషయము కూడ నని చూపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఏ పేరుచీటికైనను మూడు ప్రశ్నలు మూలము. ఎవరు చదువవలెను? దేనిపై వ్రాయవలెను? ఎంతకాలము నిలువవలెను? రాయచూరు మండలమున ఈ ప్రశ్నలకు రెండువేల సంవత్సరములకు పైబడి ప్రత్యుత్తరములు లభించుచున్నవి.

మస్కి శాసనము

1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీలిపి రహస్యమును భేదించెను. అంతట దేశమునందలి శిలలపై 'దేవానాంప్రియుడు', 'ప్రియదర్శి' యను బిరుదములు గల రాజొకడు ధర్మబోధ చేసినట్లు తెలిసినది. ఆ రాజు ఎవ్వడు? సింహళదేశపు చరిత్రగ్రంథముల సాహాయ్యమున అతడు మౌర్యుడైన అశోకుడని పండితులు నిర్ణయించిరి. ఐనను ఆ రాజు వ్రాయించిన శాసనములలో ఆ పేరు అంతవరకు కానరాలేదు. 1915లో బంగారుగనులకు సంబంధించిన బీడన్ అను ఇంజనీరు రాయచూరు మండలమందలి మస్కియొద్ద ఒక లఘుశిలాశాసనమును కనుగొనెను. అందు బిరుదముతోపాటు అశోకుని పేరు స్పష్టముగా నుండెను. ఆ సంవత్సరముననే హెచ్. కృష్ణశాస్త్రిగారు దానిని పరిష్కరింపగా నైజాము రాష్ట్రపు పురావస్తుశాఖ తన గ్రంథమాలలో ప్రథమగ్రంథముగా ప్రకటించెను. తరువాత గుజర్రాలోను, బళ్లారి మండలమందలి నిట్టూరు, ఉడేగోళములందును ఆ పేరుగల శాసనములు దొరకినవి. కాని మొదటి గౌరవము మస్కిదే.

దీనివలన గ్రహింపదగిన దొకటి గలదు. బిరుదములు ఎన్ని యున్నను, ఒక్క పేరు లేనియెడల సందేహము తీరదు. ఆ పేరు ఇరువదిరెండు శతాబ్దులు నిలువగల తలముపై చెక్కబడినందుననే మనకు దక్కినది.

కోటగోడపై పేరు

మస్కి శాసనమునకు పదునైదు శతాబ్దుల పిమ్మట రాయచూరు కోట వెలసెను. శక సంవత్సరము 1216, అనగా క్రీ.శ. 1294లో, కాకతీయుల సామంతుడైన గోన గన్నారెడ్డి పక్షమున విఠ్ఠలనాథుడు ఈ దుర్గమును కట్టించినట్లు కోటగోడయందలి శాసనము తెలుపుచున్నది. శాసనము చెక్కిన రాయి నలుబది యడుగులకు మించిన నిడివి గల ఏకశిల. ఆ మహాశిలను నిడుపైన బండిపై నెక్కించి, పశువులను గట్టి లాగించుకొని వచ్చిన విధము కూడ గోడపై రేఖాచిత్రముగా చెక్కబడినది. కట్టించినవాని పేరును, కట్టిన కాలమును, రాయి వచ్చిన తీరును ఒకేచోట చూపిన ఈ శాసనము కోటకు పేరుచీటి వంటిది. తరువాత బహమనీ, ఆదిల్ షాహీ ప్రభువులు ఇదే కోటయందు అరబ్బీ పారసీకములలో తమ శాసనములను వ్రాయించిరి. పాలకుడు మారినప్పుడెల్ల లిపి మారినది. పాతలిపి చదువగలవారు తగ్గిరి. శిలలు మాత్రము నిలిచినవి.

కాగితముల కాలము

శిలకు గల దీర్ఘాయువు కాగితమునకు లేదు. అంతర్వేది నైజాము రాజ్యమున నుండి, 1853లో ఆంగ్లేయుల వశమై, 1860లో మరల నైజామునకు చేరెను. నైజాముల కాలమున పాలనభాష తొలుత పారసీకము, తరువాత ఉర్దూ. 1956 నవంబరు 1న రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడు గద్వాల, ఆలంపురము తాలూకాలు ఆంధ్రప్రదేశమున చేరగా, మిగిలిన రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రమున కలిసెను. అంతకు మూడేండ్లకు ముందు, 1953లో, తుంగభద్ర ఆనకట్టనుండి నీరు విడువబడినది. ఎడమకాలువ క్రింద సింధనూరు, మాన్వి ప్రాంతములకు కోస్తా ఆంధ్రమునుండి రైతులు వచ్చి స్థిరపడిరి. వారి గ్రామములను నేటికిని 'క్యాంపు'లనియే పిలుతురు.

ఈ కారణమున ఇచటి యొక తెలుగు కుటుంబమున పాత భూమిపత్రములు ఉర్దూలోను, తాతల ఉత్తరములు తెలుగులోను, నేటి పహాణీలు కన్నడములోను, పిల్లల పట్టములు ఆంగ్లములోను ఉండుట వింత కాదు. నాలుగు లిపులు ఒక్క పెట్టెలో నున్నవి. వానినన్నిటిని చదువగలవారు దినదినము తగ్గుచున్నారు. కట్టపై పేరు లేనియెడల మూడవ తరమువారికి అది చెత్తకాగితముగా తోచును. చిన్న లేబులు పని ఇచట మొదలగుచున్నది.

యంత్రముల రాక

పూర్వము బియ్యపు బస్తాలపైనను ప్రత్తి బేళ్లపైనను మార్కా వేయుటకు అక్షరములు కత్తిరించిన రేకుపలకను ఆనించి సిరా పూసెడివారు. చిన్న వస్తువులకు అచ్చుకూటమున ముద్రించిన చీటీలను జిగురుతో అంటించెడివారు. 1935లో అమెరికాలో స్టాంటన్ ఏవరీ వెనుకనే జిగురు గల చీటీలను యంత్రముపై తయారుచేసెను. 1958లో డైమో సంస్థ స్థాపింపబడి, ప్లాస్టికు పట్టీపై అక్షరములను ఉబ్బెత్తుగా నొక్కు చేతిపరికరము నిండ్లలోనికి వచ్చెను. 1974 జూన్ 26న ఒహాయో రాష్ట్రమందలి ట్రాయ్ పట్టణమున మొదటిసారి ఒక సరకుపై గీతల సంకేతమును, అనగా బార్‌కోడును, అంగడియంత్రము చదివెను. ఆ సంకేతమును అప్పటికప్పుడు ముద్రింపవలసిన యవసరమే ఉష్ణముద్రణయంత్రముల వ్యాప్తికి ప్రధానకారణము.

ఈ యంత్రములు రెండువిధములు. మొదటిదానియందు రసాయనలేపనము గల కాగితము వేడి తగులగానే నల్లబడును. సిరా అక్కరలేదు. రెండవదానియందు వేడి రిబ్బనుపై నున్న మైనమునో రెజిన్ అను జిగటపదార్థమునో కరగించి చీటీపై అంటించును. మొదటిది చౌక. కాని వేడికిని, వెలుతురునకును, రాపిడికిని దాని యక్షరములు చెడును. వేసవిలో నలుబది డిగ్రీలు దాటు రాయచూరువంటి చోట ఈ భేదము ముఖ్యము. పార్సెలుపై చిరునామాకు, నాలుగుదినములలో అమ్ముడగు సరకునకు మొదటివిధము చాలును. సంవత్సరములు నిలువవలసిన దస్త్రపు పెట్టెకు రిబ్బను గల యంత్రమే తగినది. కాగితపు చీటీకి మైనపు రిబ్బనును, ప్లాస్టికు చీటీకి రెజిన్ రిబ్బనును వాడవలెను. ఏటికి ఏబదియో నూరో చీటీలు మాత్రమే కావలసినవారికి యంత్రమే యక్కరలేదు. ఎ4 కొలత గల లేబులు కాగితమును లేజరు ప్రింటరుపై ముద్రించుకొనవచ్చును. ఐతే సగము వాడిన కాగితమును మరల యంత్రమున పెట్టరాదు. చీటీలు ఊడి లోపల అంటుకొనును.

తెలుగు అక్షరమునకు కావలసినది

ఆంగ్లమునకు సరిపోయిన యంత్రము తెలుగునకు చాలకపోవచ్చును. ఈ యంత్రములు అంగుళమునకు 203 చుక్కలతోగాని 300 చుక్కలతోగాని ముద్రించును. అనగా మిల్లీమీటరునకు ఇంచుమించు 8 లేక 12 చుక్కలు. నాలుగు మిల్లీమీటరుల పంక్తిలో పైన గుడియు, నడుమ అక్షరమును, క్రింద ఒత్తును ఇమడవలెను. 203 చుక్కల యంత్రమున దీనికి 32 చుక్కలే దక్కును. 300 చుక్కల యంత్రమున సుమారు 47 దక్కును. 'ద', 'ధ', 'థ'లకు భేదము చిన్న గీతయు చిన్న చుక్కయు మాత్రమే. కావున చిన్న చీటీలపై తెలుగు వ్రాయువారు 300 చుక్కల యంత్రమునే కోరవలెను. లేదా అక్షరములను పెద్దవిగా నుంచవలెను.

రెండవ విషయము లిపిసంకేతము. 1991లో వెలువడిన యూనికోడు ప్రథమసంపుటముననే తెలుగునకు స్థానము లభించినది. అందు తెలుగునకు కేటాయించిన 128 స్థానములను ఆనుకొనియే కన్నడమునకు మరి 128 స్థానములు గలవు. ఒకే తల్లిలిపినుండి పుట్టిన ఈ రెండును అచటను ప్రక్కప్రక్కనే యున్నవి. కాని చాల యంత్రములలో తమంతట నిమిడియున్న అక్షరములు ఆంగ్లమువే. వానికి నేరుగా తెలుగు పంపినయెడల ఖాళీ గడులు వచ్చును. కంప్యూటరునుండి డ్రైవరు ద్వారా చీటీని బొమ్మగా పంపినప్పుడు తెలుగు సరిగా వచ్చును. కొనుటకు ముందే అంగడిలో 'స్త్రీ', 'రాష్ట్రము', 'ధాన్యము' అను మూడు పదములను ముద్రింపించి చూచుట మంచిది.

అమర్చు విధము

లేపనము గల కాగితపుచుట్టను ఆ ముఖము ముద్రణశిరస్సువైపు ఉండునట్లు పెట్టవలెను. గోటితో గీచినప్పుడు నల్లబడునదే ఆ ముఖము. రిబ్బను చీటీకన్న కొంచెము వెడల్పుగా నుండవలెను. చీటీ కొలతను మిల్లీమీటరులలో సరిగా డ్రైవరునకు తెలిపి, చీటీల నడుమనున్న ఎడమును యంత్రము గుర్తించునట్లు చేయవలెను. పిదప వేడిని కొద్దికొద్దిగా మార్చుచు చూడవలెను. వేడి తక్కువైనచో ఒత్తులు ఎగిరిపోవును. ఎక్కువైనచో 'ధ'లోని ఖాళీ పూడిపోవును. కాగితపుచుట్ట మారినప్పుడెల్ల యంత్రమును ఆపి, చల్లారిన తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో శిరస్సును తుడువవలెను.

విక్రయమునకు కట్టు పొట్లములకు చట్టము గలదు. 2011 నాటి తూనికకొలతల నిబంధనల ప్రకారము తయారీదారుని పేరు, చిరునామా, సరకు పేరు, నికరపరిమాణము, ధర మున్నగునవి ఆంగ్లమునగాని దేవనాగరిలిపిలో హిందీయందుగాని ఉండవలెను. ఇతరభాషలను అదనముగా చేర్చుకొనుటకు ఆటంకము లేదు. కర్ణాటకమున తయారగు సరకులపై కన్నడము ఉండవలెనని 2025 ఫిబ్రవరిలో ఆ రాష్ట్రప్రభుత్వము ఆదేశించినది. కావున సింధనూరు బియ్యమును తెలుగు దేశమున కూడ అమ్మదలచినవాడు మూడు లిపులకు చాలిన వెడల్పుగల, అనగా నాలుగంగుళముల, యంత్రమును కొనుట యుక్తము. ఇంటివారికి రెండంగుళములు చాలును.

ఒక హెచ్చరిక

పాతకాగితములపై లేబులు ఎన్నటికిని అంటింపరాదు. జిగురు కాలక్రమమున కాగితమును మరకపరచి చెరచును. కాగితములను ఆమ్లరహితమైన కవరులో నుంచి, కవరుమీదనో పెట్టెమీదనో చీటీ అంటింపవలెను. కాగితముపై గుర్తు తప్పనిసరియైనచో మెత్తని పెన్సిలుతో మూలయందు వ్రాయవలెను. చీటీపై ఏమి, ఎవరిది, ఏ గ్రామమునది, ఏ సంవత్సరమునది, ఏ భాషలోనిది అను ఐదు విషయములు తెలుగునను కన్నడమునను ఉండవలెను. అవే సంగతులు ఒక పుస్తకమునను వ్రాసియుంచినయెడల చీటీ ఊడినను నష్టముండదు.

మస్కిశిలపై ఒక్క పేరు చరిత్రకారుల సందేహమును తీర్చినది. రాయచూరు కోటగోడపై నొక్క పంక్తి కోట కట్టిన సంవత్సరమును మనకు చెప్పినది. మన యిండ్లలోని కట్టలకు అంత భాగ్యము కలుగవలెనన్నచో శిలలతో పనిలేదు. ఉర్దూ చదువగల పెద్దలు జీవించియుండగానే వారిని కూర్చుండబెట్టి, కట్టలను విప్పి చదివించి, వారు చెప్పినదానిని చీటీగా ముద్రించుకొనవలెను. యంత్రము ఏ సంవత్సరమునైనను దొరకును. చదివి చెప్పువారు మాత్రము అట్లు దొరకరు.