పట్టా లేని పత్రికావిద్య

పత్రికారచన నేర్పితే వచ్చే విద్యయా, పుట్టుకతో అబ్బే గుణమా అన్న వాదన పాతదే. నేడు కమ్యూనికేషన్, జర్నలిజం అన్న జంటపేరుతో విశ్వవిద్యాలయాలు ఎం.ఏ. పట్టాలిస్తున్నాయి గనుక ఆ వాదనకు పదును తగ్గింది. అయితే ఆ చదువులో చరిత్ర సాధారణంగా 1780 నాటి హికీగారి బెంగాల్ గెజెట్‌తో మొదలై, అమెరికా పండితుల సిద్ధాంతాల మీదుగా సాగిపోతుంది. మన గోదావరి సీమ ఆ దారిలో తగలదు. పట్టా అన్నది పుట్టకముందే ఇక్కడ ఆ విద్యలోని ప్రధానాంశాలన్నీ అభ్యాసంలో ఉండేవని చదువరులకు మనవి చేయడమే ఈ వ్యాసోద్దేశం.

కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1874లో వివేకవర్ధని ప్రారంభించేనాటికి ధవళేశ్వరంలో ఉపాధ్యాయులు. వయస్సు ఇరవైయారు. తమకు అచ్చుకూటం లేదు. పత్రిక మద్రాసులో అచ్చు కావలసి వచ్చేది. ఆనాటికి మన ప్రాంతానికి రైలు రాలేదు. వ్రాతప్రతి పోవడమూ, అచ్చు కాగితం తిరిగి రావడమూ అన్నీ టపా మీదనే. అంత ఆలస్యంగా వచ్చేది వార్త ఎట్లా అవుతుంది? ఆ చిక్కే ఆయనచేత మిత్రుల తోడ్పాటుతో రాజమహేంద్రవరంలో ముద్రాక్షరశాల పెట్టించింది. నేటి పాఠ్యప్రణాళికలో ‘ముద్రణ, నిర్వహణ’ అని వ్రాసుకునే అంశం ఇదే.

రెండవ పాఠం భాష. అప్పటికే కొక్కొండ వెంకటరత్నం పంతులుగారి ఆంధ్రభాషాసంజీవని ప్రౌఢగ్రాంథికంలో వెలువడుతున్నది. ఆ పత్రికకూ వివేకవర్ధనికీ నడిచిన వాగ్యుద్ధం ఇద్దరు పండితుల పంతం మాత్రమే కాదు. పత్రిక ఎవరికోసం వ్రాయాలన్న ప్రశ్న అందులో ఉన్నది. వీరేశలింగంగారు క్రమంగా సులభశైలికి దిగివచ్చారు. చివరకు 1919లో, తాము కన్నుమూసిన సంవత్సరంలోనే, గిడుగు వారి వాడుకభాషా సమాజానికి అధ్యక్షత వహించారు. వ్యాకరణం పాఠం చెప్పిన పండితుడు అంత దూరం నడవడం సామాన్యమా?

మూడవది వార్తాసేకరణ. న్యాయస్థానాలలోని లంచగొండితనాన్ని వివేకవర్ధని ఎండగట్టింది. ప్లీడర్ల అక్రమాలను ‘వ్యవహార ధర్మబోధిని’ అనే నాటకంగా మలిచి పత్రికలోనే ప్రకటించింది. జీతం సర్కారుది, విమర్శ సర్కారు కొలువులోని వారిపైన. ఇది పుస్తకాలలో నేర్పగల ధైర్యం కాదు.

నాల్గవది శాసనం. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరం వచ్చి ఉపన్యసించిన పిమ్మట, వందేమాతరం ఉద్యమంలో పాల్గొన్నందుకు ఇక్కడి ట్రైనింగు కళాశాల నుండి గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు బహిష్కృతులైనారు. ఉపాధ్యాయుడు కావలసినవాడు బెజవాడలో ‘స్వరాజ్య’ పత్రికకు సంపాదకుడైనాడు. 1908లో ఆ పత్రికలోని వ్రాతకే రాజద్రోహ నేరం మోపబడి జైలుకు వెళ్ళాడు. ఆ సంవత్సరంలోనే బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆంధ్రపత్రికను స్థాపించారు. అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయంలో జర్నలిజం కళాశాల తెరచినదీ 1908లోనే. అక్కడ విద్యార్థులు తరగతిలో కూర్చున్ననాడు ఇక్కడ మన సంపాదకుడు చెరసాలలో కూర్చున్నాడు.

మన దేశంలో విశ్వవిద్యాలయ బోధన ఆలస్యంగానే స్థిరపడింది. 1941లో లాహోరులోని పంజాబు విశ్వవిద్యాలయం, 1947లో మద్రాసు, 1954లో ఉస్మానియా జర్నలిజం శాఖలు తెరిచాయి. 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయం తరువాత ఈ చదువును తెలుగులోనే చెప్పడానికి పూనుకొన్నది. హైదరాబాదులోని ఆ విశ్వవిద్యాలయానికి 2025లో గోలకొండ పత్రిక సంపాదకులు సురవరం ప్రతాపరెడ్డిగారి పేరు పెట్టడం ఉచితంగా ఉన్నది. పత్రికలు కూడా సొంత పాఠశాలలు నడిపాయి. ఈనాడు జర్నలిజం పాఠశాలకు భాషాశాస్త్రజ్ఞులు బూదరాజు రాధాకృష్ణగారు ప్రిన్సిపాలు కావడం గమనార్హం. పండితుడికి మళ్ళీ పత్రికలో పని దొరికింది.

పాతకాలమే మేలని నేననడం లేదు. ఆనాటి పత్రికావిద్య చదువు, పరిచయాలు, కొంత ఆస్తి ఉన్న కొద్దిమందిది. స్త్రీలకోసం సతీహితబోధిని 1883లో వెలువడినా దానిని నడిపినది పంతులుగారే. విశ్వవిద్యాలయం తలుపు తెరచిన తరువాతనే కూలివాని కొడుకూ, నేతపని వారి కూతురూ విలేకరి కాగల అవకాశం కలిగింది. ఈ మేలు చిన్నది కాదు.

కాని తలుపు దాటి లోపలికి వచ్చిన బిడ్డకు తన ఊరి చరిత్ర చెప్పకపోతే, తాను పరాయి విద్యను అరువు తెచ్చుకున్నాననుకుంటాడు. ఉద్యోగకాలంలో పదవ తరగతి పిల్లలకు వీరేశలింగంగారి పాఠం చెప్పినప్పుడల్లా వారికి ఆయన వితంతు వివాహాలు జరిపించిన మహనీయుడుగానే తెలిసేవారు. పత్రికాసంపాదకుడుగా ఆయనను ఎరిగినవారు అరుదు. పిల్లల తప్పేమున్నది? మనం చెప్పలేదు.

మన గోదావరి జిల్లాల నుండి ఈ చదువుకు వెళ్ళే యువతీయువకులు పరిశోధనవ్యాసానికి విషయం కోసం దూరం చూడనక్కరలేదు. రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయం ఉన్నది. పాత కాగితం ఏటేటా పెళుసెక్కి పొడి అవుతూనే ఉంటుంది. అది రాలిపోకముందే ఒక్క పత్రికను, ఒక్క సంవత్సరపు సంచికలను శ్రద్ధగా చదివి, ఆనాడు ఏది వార్త అయింది, ఎవరి గొంతు వినబడింది, ఎవరిది వినబడలేదు అని విచారిస్తే చాలు. ఆ వ్యాసం వారి పట్టాకూ పనికివస్తుంది, మన ఊరికీ మిగులుతుంది.