టేపు రికార్డరు కొన్నవాని పేరేమి?

పాట వాడుకొన్నవాడు పాట కట్టినవానికి వెల ఈయవలయునా అను తగవు ఒక పానశాలలో మొదలైనది. 1847లో పారిస్ నగరమున ఎర్నెస్టు బూర్జే అను గీతకర్త మిత్రులతో కూర్చుండి చక్కెర నీరు త్రాగుచుండగా, అచటి వాద్యబృందము ఆయన పాటనే వాయించెను. తన పాటకు యజమాని రుసుము ఈయనప్పుడు తాను మాత్రము చక్కెర నీటికి ఏల ఈయవలయునని బూర్జే మొండికెత్తెను. వ్యాజ్యము నడచినది, బూర్జే గెలిచెను. 1851లో ఆ దేశపు గీతకర్తలును స్వరకర్తలును ప్రచురణకర్తలును చేరి సాసెమ్ అను సంఘమును నెలకొల్పి, అట్టి శాలలనుండి రుసుము వసూలు చేయ నారంభించిరి.

ఆ తగవున ఒక సౌకర్యము కలదు. వాయించినచోటు తెలియును, యజమాని కన్నుల యెదుట నుండును. రేడియో సంగతియు నట్టిదే. ఏ రికార్డు ఏ దినమున మ్రోగినది, సాహిత్యమెవరిది, స్వరరచన యెవరిది అను వివరములను మేము చిట్టాలో వ్రాసి యుంచుదుము. కాని మేము ప్రసారము చేసిన పాటను శ్రోత తన ఇంట యంత్రముపై పట్టుకొన్నచో ఆ సంగతి ఏ చిట్టాకు ఎక్కును?

ఈ ప్రశ్న పశ్చిమ జర్మనీలో 1950లలో పైకి వచ్చినది. అచటి 1901 నాటి చట్టము ప్రకారము సొంత వాడుకకై కృతికి ప్రతి తీసికొనవచ్చును. ఆ చట్టము చేసినవారు కలము పట్టి స్వరములు నకలు వ్రాసికొను సంగీతప్రియుని తలచికొనిరి గాని, మీట నొక్కినంతనే గంట సేపటి కచేరీని మ్రింగివేయు పెట్టెను ఊహింపలేదు. గ్రుండిగ్ వారి యంత్రమును గూర్చిన వ్యాజ్యములో 1955లో అత్యున్నత న్యాయస్థానము ఈ మాటయే చెప్పినది. టేపుపై ప్రతి తీయుట పాత మినహాయింపు క్రిందికి రాదనియు, ఇంటిలో చేసినను కృతికర్త అనుమతి కావలయుననియు తీర్పు.

తీర్పు వచ్చినది గాని దానిని అమలు పరచుటెట్లు? స్వరకర్తల సంఘమగు గేమాకు ఒక ఉపాయము తోచినది. టేపు రికార్డరు కొనవచ్చిన ప్రతివాడు అంగడిలో తన గుర్తింపు కార్డు చూపవలెననియు, ఆ పేరును తమకు తెలుపవలెననియు అది కోరినది. 1964 మేలో న్యాయస్థానము ఈ కోరికను త్రోసిపుచ్చెను. ఇంటిలోపలి జీవితము ఇంటివారిది, దానిపై నిఘా తగదు. అయినను స్వరకర్తలను వట్టిచేతులతో పంపుటయు న్యాయము కాదు. యంత్రము అమ్మి లాభము పొందువారే ఆ భారమును మోయవచ్చునన్న త్రోవను న్యాయమూర్తులే సూచించిరి.

1965 సెప్టెంబరులో వెలువడిన క్రొత్త చట్టము ఆ త్రోవనే పట్టినది. ఇంటిలో పాట పట్టుకొనుటకు అనుమతి అక్కరలేదు. దానికి మారుగా యంత్రము చేయువాడు తన అమ్మకపు రాబడిలో నూటికి 5కు మించకుండ హక్కుదారులకు చెల్లించును. గాయకులకును వాద్యకారులకును ఇందు పాలు కలిగినది. ప్రపంచమున ఇట్టి ఏర్పాటు ఇదియే మొదటిది. 1985లో దానిని ఖాళీ టేపులకును విస్తరించిరి. ఆస్ట్రియా 1980లో, ఫ్రాన్సు 1985లో, కెనడా 1997లో ఇట్టి పద్ధతులనే చేపట్టినవి.

మన దేశమున 1957 చట్టములో గాని తరువాతి సవరణలలో గాని ఇట్టి రుసుము లేదు. 1980లలో రేడియో ప్రక్కన రికార్డరు పెట్టి, పాట మొదలగు క్షణమునకై మీటపై వ్రేలుంచి కాచుకొనిన శ్రోతలు మనలో ఎందరో కలరు. ఆ కాసెట్టు వెలలో గీతరచయితకు చేరినది సున్న. వారి దోషమనుట మా ఉద్దేశము కాదు. ఈయదలచినను ఈయుటకు వారికి త్రోవ లేకుండెను.

1999లో అమెరికాలో నాప్‌స్టర్ వచ్చి, ఒక ఇంటి కంప్యూటరులోని పాటను లక్షల ఇండ్లకు పంచినది. న్యాయస్థానపు ఆజ్ఞలకు లోబడి 2001 జూలైలో అది మూతపడినను పంపకము ఆగలేదు. అంతట రికార్డు కంపెనీలు పూర్వము గేమా పట్టిన దారినే పట్టినవి. ఇంటర్నెట్టు కనెక్షను ఇచ్చువారిని అడిగి చందాదారుల పేర్లు రాబట్టి, 2003 సెప్టెంబరులో ఒక్కనాడే 261 మందిపై దావాలు వేసినవి. ఆ ఏడాది డిసెంబరులోనే అప్పీలు న్యాయస్థానము అట్లు పేర్లు రాబట్టుట చెల్లదనినది. కంపెనీలు మాత్రము పేరు తెలియని ప్రతివాదులపై దావా వేసి, పిమ్మట కోర్టు ద్వారానే పేర్లు పొందినవి. అమెరికాలో గుర్తింపు కార్డు పథకము ఆ విధముగా గెలిచినదనవలెను.

ఫ్రాన్సులో మరియొక యత్నము జరిగినది. చందాదారుడు నెలనెల కొంత అదనపు రుసుము చెల్లించి, లాభాపేక్ష లేకుండ పాటలు పంచుకొనవచ్చునను సవరణను 2005 డిసెంబరు 21 రాత్రి జాతీయసభ 30 ఓట్లకు 28 ఓట్లుగా ఆమోదించెను. రికార్డు కంపెనీలు మండిపడినవి, సంగీతకారులలోనే రెండు పక్షములు లేచినవి. 2006 మార్చిలో ఆ సవరణ తొలగిపోయినది. రెండు ఓట్ల ఆధిక్యముతో పుట్టి మూడు నెలలలో గిట్టిన ఆ ఏర్పాటును అమలులో చూడగలిగినచో బాగుండెడిదని మాకు తోచును.

అయితే వసూలు చేయుట సగము పని. ఎవనికి ఎంత పంచవలెను? ఇంటిలో ఏ పాటను పట్టుకొన్నారో తెలియదు గనుక, గేమా రేడియో ప్రసారముల లెక్కలను, రికార్డుల అమ్మకములను ఆధారము చేసికొనెను. అనగా మా చిట్టాలవంటివే ప్రమాణమైనవి. చిట్టాకెక్కని జానపద గాయకుని పాటను వేయిమంది పట్టుకొన్నను అతనికి దక్కునది లేదు. ఖాళీ టేపు కొని ఉత్తరములు చెప్పి వ్రాయించుకొను వర్తకుడు మాత్రము ఎన్నడును వినని పాటకు చెల్లించును.

ఇప్పుడు చందా కట్టి వినునట్టి స్పాటిఫై మొదలగు సంస్థలలో ఏ పాట ఎన్నిమార్లు మ్రోగినదో అణువంతయు తప్పకుండ లెక్క కలదు. అయినను చందాలన్నియు పెద్దపాటి ఒకే రాశిగా పోసి, మొత్తము వినికిడిలో ఎవరి భాగమెంతో అంతే పంచుట వాడుక. ఒక శ్రోత నెలంతయు ఒకే వైణికుని విన్నను, ఆయన చందాలో అధిక భాగము ఇతరులకే పోవును. 2021లో సౌండ్‌క్లౌడ్ సంస్థ కొందరు కళాకారుల విషయమున ఈ పద్ధతిని మార్చి, ఎవరి చందాను వారు విన్నవారికే ఈయ నారంభించెను. 2024 నుండి స్పాటిఫైలో గడచిన 12 నెలలలో 1,000 సార్లైనను వినబడని పాటకు ఆ రాశినుండి పాలు లేదు.