మూసీ వరద, మన చెరువులు

సముద్రానికి ఎంతో దూరాన ఉన్న మనం తుఫానును కోస్తావారి కష్టంగా తలుస్తాము. మన పెద్దలూ అలాగే తలచారు. హిజ్రీ 1326లో రమజాన్ మాసం అప్పుడే మొదలైంది. 1908 సెప్టెంబరు 28న, బంగాళాఖాతం నుండి వచ్చిన వాయుగుండం కురిపించిన వానకు మూసీ పొంగి హైదరాబాదును ముంచివేసింది. సుమారు 15,000 మంది మరణించారని అంచనా. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు నేటికీ ఉస్మానియా ఆసుపత్రిలో నిలిచివుంది.

నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ బాధితులకు తన భవనాల తలుపులు తెరిపించారు. మరుసటి ఏడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను రప్పించారు. నేరం వానది మాత్రమే కాదని ఆయన పరిశీలనలో తేలింది. మూసీ పరీవాహకంలోని 788 చెరువుల్లో 221 తెగాయి. పైచెరువు నీరు కిందిచెరువు కట్టను కొట్టివేసింది. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ ఆయన సలహా ఫలితాలే.

ఇది పాతకథ అనుకోరాదు. 2020 అక్టోబరు 13న కాకినాడ వద్ద తీరం దాటిన వాయుగుండం మన జిల్లాలోని ఘట్‌కేసర్‌లో ఒక్కరోజే 32 సెంటీమీటర్ల వాన కురిపించింది. నాగారానికి అది కొద్ది మైళ్ల దూరమే.

మబ్బు కమ్మితే దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆందోళనతో లోపలికీ బయటికీ తిరిగేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. ఆద్ జాతి అటువంటి మబ్బునే చూసి, వాన వచ్చిందని సంతోషించింది. మనమో చెరువు శిఖం భూమిలో ప్లాటు కొని, బిస్మిల్లాహ్ అంటూ పునాది తవ్వుతున్నాము.