స్క్రీన్‌సేవర్‌లో ఫొటోలు చకచకా మారిపోతున్నాయా? టైం పెంచుకోండిలా.. ఆ ఫోల్డర్‌నూ ఓసారి చూడండి!

కోచింగ్ సెంటర్ రిసెప్షన్‌లో కంప్యూటర్. ఎవరూ ముట్టుకోక కాసేపయ్యేసరికి స్క్రీన్ మీద కొత్త బ్యాచ్‌ల టైమింగ్స్ వరుసగా వస్తుంటాయి. ముందు నిలబడ్డ విద్యార్థి ఫీజు దగ్గరకొచ్చేలోపే బొమ్మ మారిపోతుంది. అది మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా కోచింగ్ సెంటర్లు, ఫొటో స్టూడియోలు, బొటిక్‌లు, జిరాక్స్ షాపులు చాలానే ఉంటాయి. ఖాళీగా ఉన్న స్క్రీన్‌ను ఇలా బోర్డులా వాడుకోవాలనుకునే వారికి మొదట ఎదురయ్యే ఇబ్బంది ఇదే. విండోస్‌లో దీన్ని సరిచేయడం రెండు నిమిషాల పని. అయితే టైం మార్చేటప్పుడే ఇంకో విషయం కూడా చూసుకోవాలి. అదేంటో, మొత్తం ఎలా చేయాలో తెలుసుకుందాం.

ముందుగా ఈ కన్‌ఫ్యూజన్ తీరాలి

స్క్రీన్‌సేవర్ సెట్టింగ్స్ తెరవగానే ‘వెయిట్’ అని ఒక గడి, పక్కనే నిమిషాలు కనిపిస్తాయి. ఒక్కో ఫొటో ఎంతసేపు ఉండాలో చెప్పేది ఇదేననుకుని చాలామంది ఈ అంకె పెంచేస్తారు. కానీ దానికీ, ఫొటో టైంకీ సంబంధం లేదు. కీబోర్డు, మౌస్ కదలకుండా ఎన్ని నిమిషాలైతే స్క్రీన్‌సేవర్ మొదలవ్వాలో చెప్పేది మాత్రమే ‘వెయిట్’. అక్కడ 5 బదులు 30 వేస్తే ఫొటోలు నెమ్మదించవు. స్క్రీన్‌సేవర్ రావడమే ఆలస్యమవుతుంది.

స్పీడ్ తగ్గించాలంటే ఇలా చేయండి

విండోస్ 10, విండోస్ 11 రెండింటిలోనూ దారి దాదాపు ఒకటే.

1. స్టార్ట్ మెనూలో సెట్టింగ్స్ తెరిచి, పర్సనలైజేషన్‌లో ‘లాక్ స్క్రీన్’ నొక్కాలి.
2. కింద కనిపించే ‘స్క్రీన్ సేవర్’ ఆప్షన్‌లోకి వెళ్లాలి.
3. లిస్టులో ‘ఫొటోస్’ ఎంచుకుని, పక్కనున్న ‘సెట్టింగ్స్’ బటన్ నొక్కాలి.
4. ‘స్లైడ్ షో స్పీడ్’ దగ్గర స్లో, మీడియం, ఫాస్ట్ అని మూడు ఉంటాయి. ‘స్లో’ పెట్టి సేవ్ చేయాలి.
5. ‘ప్రివ్యూ’ నొక్కి చూసుకుని, బాగుందనిపిస్తే ‘అప్లై’, ‘ఓకే’ కొట్టేయాలి.

ఫొటోలు వరుసగా కాకుండా కలగాపులగంగా రావాలంటే అక్కడే ‘షఫుల్ పిక్చర్స్’కు టిక్ పెట్టుకోవచ్చు. బ్యాచ్‌ల వివరాల్లాంటివైతే ఆ టిక్ తీసేయడమే మంచిది.

సెట్ చేసినా రావట్లేదా?

కొందరికి అన్నీ సరిగ్గా పెట్టినా స్క్రీన్‌సేవర్ కనిపించదు, స్క్రీన్ నల్లగా అయిపోతుంది. కారణం పవర్ సెట్టింగ్. స్క్రీన్ 5 నిమిషాలకే ఆరిపోయేలా ఉండి, ‘వెయిట్’ 10 నిమిషాలుంటే ఫొటోలు వచ్చే వీలే లేదు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో పవర్ విభాగానికి వెళ్లి స్క్రీన్ ఆరిపోయే టైంను ‘వెయిట్’ కంటే ఎక్కువగా పెట్టాలి.

సెకన్ల లెక్కన కావాలంటే?

అసలు చిక్కు ఇక్కడే. ఫొటోస్ స్క్రీన్‌సేవర్‌లో ఆ మూడు స్పీడ్‌లే ఉంటాయి. 15 సెకన్లు, 20 సెకన్లు అని అంకె వేసుకునే గడి ఉండదు. డెస్క్‌టాప్ వాల్‌పేపర్‌ను స్లైడ్‌షోగా పెడితే టైం ఎంచుకోవచ్చు కానీ, అది 1 నిమిషంతో మొదలై 10 నిమిషాలు, 30 నిమిషాలు, గంట, 6 గంటలు, రోజు దాకా వెళ్తుంది. ఇంట్లో పిల్లల ఫొటోలకు బాగుంటుంది, షాపులో రేట్ల బోర్డుకు మాత్రం పనికిరాదు.

కచ్చితమైన టైం కావాలంటే పవర్‌పాయింట్ సులువైన దారి. ‘ఇన్‌సర్ట్’లో ‘ఫొటో ఆల్బమ్’ నొక్కి బొమ్మలన్నీ ఒకేసారి ఎంచుకుంటే ఒక్కోటి ఒక్కో స్లైడ్‌గా వచ్చేస్తుంది. తర్వాత ‘ట్రాన్సిషన్స్’లో ‘ఆన్ మౌస్ క్లిక్’ టిక్ తీసి, ‘ఆఫ్టర్’ దగ్గర కావాల్సిన సెకన్లు వేసి, ‘అప్లై టు ఆల్’ నొక్కాలి. చివరగా ‘స్లైడ్ షో’లోని ‘సెటప్ స్లైడ్ షో’కి వెళ్లి ‘కియోస్క్’ ఆప్షన్ పెడితే ఎస్కేప్ కొట్టేవరకు తిరుగుతూనే ఉంటుంది. ఎఫ్5 నొక్కితే స్టార్ట్. పవర్‌పాయింట్ లేనివాళ్లు ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ ఇంప్రెస్‌లోనూ ఇదే పని చేసుకోవచ్చు.

ఎన్ని సెకన్లు పెట్టాలి? చిన్న చిట్కా. స్లైడ్‌లో ఉన్నదంతా మామూలు స్పీడ్‌లో రెండుసార్లు పైకి చదవండి. ఎంతసేపు పట్టిందో అంతే పెట్టండి. మరీ ఎక్కువైతే టైం కాదు, అక్షరాలు తగ్గించాల్సిందే.

అసలు జాగ్రత్త ఇక్కడే

ఇప్పుడు ముందు చెప్పిన రెండో విషయం. ఫొటోస్ స్క్రీన్‌సేవర్‌కు ఫోల్డర్ చెప్పకపోతే అది మామూలుగా ‘పిక్చర్స్’ ఫోల్డర్‌లోని బొమ్మల్నే చూపిస్తుంది. విండోస్ కీతో పాటు ప్రింట్‌స్క్రీన్ నొక్కి తీసిన స్క్రీన్‌షాట్లు చేరేది అందులోనే. మైక్రోసాఫ్ట్ వారి ‘స్కాన్’ యాప్‌తో స్కాన్ చేసినవీ మామూలుగా అక్కడికే వెళ్తాయి.

జిరాక్స్ షాపులో దీని అర్థం ఏంటో ఆలోచించండి. పొద్దున ఒకరు ఆధార్ స్కాన్ చేయించుకున్నారు, మధ్యాహ్నం ఇంకొకరు టెన్త్ మెమో, బ్యాంక్ పాస్‌బుక్. సాయంత్రం కౌంటర్ ఖాళీ అయ్యాక స్క్రీన్‌సేవర్ మొదలైతే అవే ఒక్కొక్కటిగా పెద్ద సైజులో స్క్రీన్ మీదికొస్తాయి. స్పీడ్ ‘స్లో’లో పెడితే ఫొటో తీసుకునేంత టైం కూడా ఉంటుంది! ఎదురుగా నిలబడ్డవారి చేతిలో ఫోన్ ఎలాగూ ఉంటుంది.

అందుకే ఈ నాలుగు పనులు తప్పనిసరి:

- స్క్రీన్‌సేవర్ కోసమే కొత్త ఫోల్డర్ చేసి, చూపించాల్సినవే అందులో వేయాలి. ఫొటోస్ సెట్టింగ్స్‌లో ‘బ్రౌజ్’ నొక్కి ఆ ఫోల్డర్‌నే ఎంచుకోవాలి.
- కస్టమర్ల స్కాన్‌లు పని అయిపోగానే డిలీట్ చేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయాలి.
- ‘ఆన్ రెజ్యూమ్, డిస్‌ప్లే లాగాన్ స్క్రీన్’కు టిక్ పెట్టాలి. అకౌంట్‌కు పాస్‌వర్డ్ ఉంటే, మౌస్ కదిపినవాళ్లకల్లా కంప్యూటర్ తెరుచుకోదు. పవర్‌పాయింట్ షోకు ఈ రక్షణ లేదు. ఎస్కేప్ కొడితే లోపలికి వెళ్లిపోవచ్చు కాబట్టి కీబోర్డు జనానికి అందకుండా చూసుకోవాలి.
- కస్టమర్లయితే పూర్తి నంబర్ అవసరం లేని చోట మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వొచ్చు. అందులో చివరి 4 అంకెలే కనిపిస్తాయి.

స్క్రీన్‌కు ఏమైనా నష్టమా?

పాత డబ్బా మానిటర్లలో ఒకే బొమ్మ గంటలకొద్దీ ఉంటే దాని మరక తెర మీద ఉండిపోయేది. స్క్రీన్‌సేవర్లు వచ్చిందే అందుకు. ఇప్పటి ఎల్‌సీడీ మానిటర్లకు ఆ బెడద పెద్దగా లేదు. ఓలెడ్ స్క్రీన్లకు మాత్రం ఇంకా ఉంది. వాటిలో ఒకే బొమ్మను మరీ ఎక్కువసేపు ఉంచకపోవడమే మేలు. షాపు కట్టేశాక ఎలాంటి స్క్రీన్ అయినా ఆపేస్తే కరెంటూ ఆదా.