కిల్‌బహా: చక్రాల మీద చర్చి

డ్యూటీల వల్ల ఎపిసోడ్ వినడం కుదరని వాళ్ల కోసం ఈ కథ రాసి పెడుతున్నా.

ఐర్లండ్ పడమటి తీరంలో క్లేర్ కౌంటీ ఉంది. దాని కొసన లూప్ హెడ్ అనే నేల సముద్రంలోకి పొడుచుకుపోయి ఉంటుంది. ఒకవైపు అట్లాంటిక్, ఇంకోవైపు షానన్ నది మొగ. కిల్‌బహా, క్రాస్, కారిగహోల్ట్ లాంటి చిన్న పల్లెలు అక్కడివే.

1845లో మొదలైన ఆలుగడ్డల కరువులో దేశం మొత్తం మీద సుమారు 10 లక్షల మంది చనిపోయారు. ఇంకో 10 లక్షల మంది పొట్ట చేతబట్టుకుని మనలాగే దేశం దాటారు. ఉండిపోయిన వాళ్లలో ఎక్కువమంది కౌలుదార్లు. దున్నే నేల, పడుకునే గుడిసె అన్నీ దొరవే. కౌలుదార్ల పిల్లలను ప్రొటెస్టెంట్ మిషన్ బడులకు పంపమని ఒత్తిడి ఉండేది. ఎదురు చెబితే ఇల్లు ఖాళీ చేయిస్తారని భయం.

1849లో ఫాదర్ మైకేల్ మీహన్ ఈ పారిష్‌కి వచ్చారు. కిల్‌బహా వాళ్లకి కేథలిక్ చర్చి లేదు. కాస్త జాగా ఇమ్మని అడిగితే దొరల ఏజెంటు మార్కస్ కీన్ కుదరదన్నాడు.

మన ఊళ్లో పోరంబోకు అంటాం చూడండి, ఫాదర్‌కి అలాంటి జాగా ఒకటి తట్టింది. ఆటుకీ పోటుకీ మధ్య తేలే ఇసుక మీద దొర పెత్తనం చెల్లదు. 1852లో కారిగహోల్ట్‌లో వడ్రంగి చేత చెక్క గది ఒకటి చేయించి, కింద చక్రాలు పెట్టించారు. మన సైట్ క్యాబిన్ లాంటిదే అనుకోండి. నీళ్లు వెనక్కి పోగానే దాన్ని ఇసుకలోకి లాగేవాళ్లు. ఫాదర్ లోపల పూజ చేస్తుంటే, చుట్టుపక్కల పల్లెల జనం బయట వానలో, గాలిలో తడి ఇసుక మీద మోకరించేవాళ్లు. పోటు రాకముందే మళ్లీ గట్టుకి లాక్కోవాలి. దాన్ని ‘లిటిల్ ఆర్క్’ అంటారు.

ఇలా దాదాపు ఐదేళ్లు గడిచాయి. ఊరూరా ఈ సంగతి పాకింది, చివరికి జాగా ఇవ్వక తప్పలేదు. 1857లో పక్కనే మొనీన్‌లో చర్చికి శంకుస్థాపన జరిగింది.

సూపర్‌వైజర్‌గా నాకు ఒకటి అర్థమైంది. పునాది తవ్వనివ్వని చోట వాళ్లు చక్రాలతో పని కానిచ్చారు. వారానికోసారి ఒకచోట చేరకపోతే, కరువు మిగిల్చిన ఆ పల్లెలు ఎవరికి వారే అయిపోయేవి. మనం కూడా అద్దె హాల్లోనో, రూములోనో కలుస్తాం. కాంట్రాక్టు అయిపోతే అదీ పోతుంది. అయినా కలవడం మానొద్దు.

ఆ చెక్క గది ఇప్పటికీ మొనీన్ చర్చిలోనే ఉంది. సెలవు దొరికితే వెళ్లి చూడండి. వడ్రంగి పని తెలిసిన తమ్ముళ్లు ఆ చెక్క పని దగ్గర కాసేపు ఆగండి.