అత్యవసర వైద్యుని స్వభావము: హైదరాబాదు చరిత్రలో ఒక ఘట్టము

2020 ఏప్రిల్‌లో గచ్చిబౌలి క్రీడాప్రాంగణమందలి ఎత్తైన భవనమొకటి కరోనా రోగులకై 1500 పడకల ‘టిమ్స్’ ఆసుపత్రిగా మారినది. పడకలను, ప్రాణవాయువు గొట్టములను కొద్ది వారములలో అమర్చగలిగినారు. కాని ఊపిరాడక పెనుగులాడు రోగి ముందు తడబడక నిలువగల మనిషిని అంత త్వరగా తయారుచేయుట ఎవరి తరము? అట్టి వానికి ఎట్టి స్వభావముండవలెనో హైదరాబాదు వైద్యచరిత్ర కొంత చెప్పుచున్నది.

క్లోరోఫారము శస్త్రవైద్యమునకు వరమై వచ్చినది. వెంట భయమును కూడ తెచ్చినది. 1848లో ఇంగ్లండున హన్నా గ్రీనర్ అను 15 ఏండ్ల బాలిక కాలిగోరు తీయించుకొనుటకై ఆ మత్తు పీల్చి, నిమిషములలో మరణించినది. ఇట్టి చావులలో ముందు ఆగునది గుండెయా, ఊపిరియా? మత్తు ఇచ్చువాడు దేనిని కనిపెట్టి యుండవలెను?

ఊపిరినే యనినాడు హైదరాబాదు వైద్యపాఠశాల అధిపతి ఎడ్వర్డు లారీ. నిజాము మహబూబ్ అలీఖాన్ ప్రోత్సాహముతో 1888లోను, 1889లోను రెండు క్లోరోఫారము సంఘములు ఇచ్చట పనిచేసినవి. రెండవదానికి లండను ‘లాన్సెట్’ పత్రిక లాడర్ బ్రంటన్‌ను పంపినది. ఆయన గుండెయే ముందు ఆగవచ్చునన్న అభిప్రాయముతో వచ్చినవాడు. నాలుగు వందలకు పైగా కుక్కలపై, కోతులపై జరిగిన పరీక్షలను చూచి లారీ పక్షమునకు మారినాడు. అంతటి పేరుగల పండితుడు తన మాటను తానే దిద్దుకొనుట చిన్న విషయము కాదు.

లారీ నియమములో మంచి మనశ్శిక్షణ యున్నది. ఎదుట నెత్తురు, చుట్టును ఆందోళన. అయినను కన్ను మాత్రము రోగి రొమ్ము కదలికను విడువరాదు. ప్రపంచమున మత్తు వైద్యము చేసిన తొలి స్త్రీలలో ఒకరైన రూపాబాయి ఫర్దూన్‌జీ ఈ పాఠశాలలోనే చదివినారు. ఆ 1889లోనే అమెరికాలో విలియం ఆస్లర్, వైద్యునకు ముఖ్యగుణము చలించకుండుటయేననియు, అది కొంత పుట్టుకతోను కొంత అభ్యాసముతోను వచ్చుననియు పట్టభద్రులకు చెప్పినాడు.

అయితే లారీ చలించకుండుట తన సిద్ధాంతము విషయములో మొండితనమైనది. విరుద్ధసాక్ష్యములు వచ్చినను ఆయన లొంగలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై పరీక్షించి, పలుచని మత్తులోనే గుండె హఠాత్తుగా లయతప్పి నిలిచిపోవచ్చునని చూపినాడు. ఊపిరిని మాత్రమే చూచు కన్నునకు ఆ ప్రమాదము ముందుగా కనబడదు.

108 అంబులెన్సు 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైనది. 2009లో అత్యవసర వైద్యము మన దేశమున ప్రత్యేకశాఖగా గుర్తింపు పొందినది. నేటి అత్యవసర విభాగమున సాధారణముగా ముందు శ్వాసమార్గమును, తరువాత శ్వాసను, ఆపై రక్తప్రసరణను చూతురు. వ్రేలికి ప్రాణవాయువు కొలమానమును, రొమ్మునకు ఇ.సి.జి. తీగలను తగిలింతురు. అనగా లారీ ఊపిరి, లెవీ గుండె రెండును ఒకే తెరపై కనబడును. రోగి స్థితి కొంచెము మారినను మరల శ్వాసమార్గము నుండియే పరీక్ష మొదలిడుదురు.